విదేశీ నియామకం: సంతకానికి ముందు అడగవలసిన మాటలు



నేను చెన్నైలో రెలోకేషన్ రంగంలో పనిచేస్తున్నాను. కంపెనీలు ఒక దేశం నుంచి మరొక దేశానికి పంపే ఉద్యోగులకు ఇల్లు, బడి, వీసా, సామాన్ల రవాణా చూసిపెట్టడం మా పని. 1998లో శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్ కార్ల ఉత్పత్తి మొదలైన తరువాత ఎన్నో కొరియా కుటుంబాలు చెన్నై వచ్చాయి. మన పిల్లలు కూడా ఇలాగే ఇతర దేశాలకు వెళ్తున్నారు.

పూర్వం ఇలా వెళ్ళేవారికి ఇంటి అద్దె, పిల్లల ఫీజు, కారు చాలావరకు కంపెనీయే భరించేది. ఖర్చు తగ్గించుకోవడానికి ఇప్పుడు చాలా కంపెనీలు కొద్ది నెలలకే పంపుతున్నాయి. లేదా కొంత మొత్తం చేతికిచ్చి మిగతావి మీరే చూసుకోమంటున్నాయి.

నా అనుభవం చెబుతాను. 2012లో అప్పటి నా కంపెనీ నన్ను రెండేళ్ళకు జర్మనీ పంపింది. నేను జీతం ఎంత అని మాత్రమే అడిగాను. నా భార్య పదేళ్ళ టీచరు ఉద్యోగం మానుకుని నాతో వచ్చింది. తిరిగి వచ్చేసరికి నా స్థానంలో వేరొకరు ఉన్నారు. ఆమెకు పాత బడిలో ఖాళీ లేదు. ఏడాదిపాటు దాచుకున్న డబ్బుతోనే ఇల్లు గడిచింది. ఆ తరువాతే నేను ఈ రంగంలోకి వచ్చాను.

అందుకే పిల్లలూ, సంతకానికి ముందు మూడు విషయాలు అడగండి.

ఒకటి: తిరిగి వచ్చాక ఏ పని ఇస్తారు? జవాబును నియామక పత్రంలో రాయించుకోండి.

రెండు: భార్యకు లేదా భర్తకు అక్కడ ఉద్యోగం చేసే వీలుందా? అమెరికాకు ఎల్-1 వీసాపై వెళ్ళినవారి భాగస్వాములు 2021 నవంబరు నుంచి వేరే అనుమతి కార్డు లేకుండానే పనిచేయవచ్చు. హెచ్-1బి వారి భాగస్వాములందరికీ ఆ వీలు లేదు.

మూడు: పన్ను, పెన్షను సంగతేమిటి? జర్మనీతో మన దేశపు సమగ్ర సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే నుంచి అమలులో ఉంది. ఇక్కడి కంపెనీ పంపగా వెళ్ళేవారు మన ప్రావిడెంట్ ఫండ్ సంస్థ నుంచి కవరేజి సర్టిఫికెట్ తీసుకుంటే, నిర్ణీత కాలం వరకు అక్కడ మళ్ళీ పెన్షను చందా కట్టనక్కరలేదు.

తల్లిదండ్రులారా, మీ అబ్బాయో అమ్మాయో విదేశం వెళ్తానంటే జీతం ఒక్కటే అడగకండి. మళ్ళీ ఏ పనికి వస్తావనీ అడగండి. మన పెద్దలు ఏ కాగితమూ లేకుండానే వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నారు. వారికి బంధుబలగం తోడుంది. మీ పిల్లలు ఒంటరిగా వెళ్తారు, వారికి ఆ కాగితమే తోడు.