క్యాము మారిస్తే స్ప్రింగు సంగతేమిటి?

మనలి నుంచి తిరువొత్తియూరు ఎంతో దూరం లేదు. 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ అక్కడి కర్మాగారంలోనే దశాబ్దాల తరబడి బుల్లెట్లు తయారుచేసింది. ఇటు కలకత్తా రోడ్డు మీద షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద, మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏళ్ళ తరబడి పందేలు నడిపింది. తరువాత ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకు కట్టారు, పందేలు అటు వెళ్ళిపోయాయి. వేగం మీద మోజు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. పాత బుల్లెట్టుకు బోరు పని చేయించేటప్పుడు, ఎలాగూ ఇంజను విప్పాం గదా, ఓ హై లిఫ్టు క్యాము వేయిద్దామనే కుర్రవాళ్ళు సూళ్ళూరుపేట, తడ, నగరి వైపు కూడా కనిపిస్తారు. క్యాము కొంటారు. స్ప్రింగు మాత్రం పాతదే వేస్తారు, లేదా అంగట్లో దొరికిన గట్టిది వేస్తారు. రెండూ ప్రమాదమే.

క్యాము వాల్వును తెరవగలదు గాని మూయలేదు. మూసేది స్ప్రింగు ఒక్కటే. ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 2000 సార్లు, అంటే సెకనుకు 33 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. స్ప్రింగుకు బలం చాలకపోతే వాల్వు క్యాము వెంట దిగకుండా గాలిలో తేలిపోతుంది. ఆ క్షణాన పైకి వచ్చే పిస్టను దాన్ని కొట్టవచ్చు. ట్యాంకర్లు, ట్రైలర్లు వెనకాలే వచ్చే పొన్నేరి హైరోడ్డులో ఇంజను అలా బిగుసుకుపోతే, వెనుక చక్రమూ దానితోపాటే బిగుసుకుంటుంది. నష్టం ఇంజనుతో ఆగదు.

అయితే బాగా గట్టి స్ప్రింగు వేస్తే పోలేదా అంటారు. పోదు. ఆ బలమంతా ట్యాపెట్టు అడుగు మీద, క్యాము ముక్కు మీద పడుతుంది. కొత్త క్యాము కొద్ది రోజులకే అరిగిపోతుంది, పుష్‌రాడ్డు వంగినా వంగుతుంది.

కాబట్టి చేతితో నొక్కి చూసి కాదు, కొలిచి ఎంచుకోవాలి. ముందు వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు ఎత్తెంతో చూడండి. ఉదాహరణకు 38 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇది లెక్క కోసమే, మీ ఇంజను కొలత కాదు. స్ప్రింగు చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునేలా నొక్కితే 27 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. పాత క్యాము వాల్వును 8 మిల్లీమీటర్లు తెరిచేది. 30 మిగులుతుంది, 3 మిల్లీమీటర్ల సందు ఉంది. కొత్త క్యాము 10 తెరుస్తుంది. మిగిలిన సందు ఒక్కటే. కనీసం ఒకటిన్నర ఉండాలంటారు. కనుక ఆ స్ప్రింగు పనికిరాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పెట్టె మీద అచ్చేసిన లిఫ్టు క్యాము దగ్గరిదా, వాల్వు దగ్గరిదా అని అడగండి. మధ్యలో రాకరు ఉంది, రెండూ ఒకటి కానక్కరలేదు.

మేస్త్రీలు స్ప్రింగు కింద వాషరు పెట్టి బిగువు పెంచుతారు. బిగువు పెరిగే మాట నిజమే. వాషరు మందం ఎంతో, మనం లెక్కవేసిన సందులో అంత తగ్గిపోతుంది. పాత వాషరు ఉందేమో చూడకుండా కొలతలు మొదలుపెట్టకండి.

ఇక బలం. దీనికి ఖరీదైన మిషను అవసరం లేదు. డ్రిల్లింగ్ మిషను బల్ల మీద మనుషుల బరువు తూచే కాటా ఉంచి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, చక్కుతో నిదానంగా నొక్కండి. మిషను తిప్పకూడదు, కళ్ళద్దాలు తప్పవు, స్ప్రింగు జారితే ఎగిరి వస్తుంది. 38 దగ్గర 30 కిలోలు, 30 దగ్గర 54 కిలోలు చూపిందనుకోండి. 8 మిల్లీమీటర్లకు 24 కిలోలు, అంటే మిల్లీమీటరుకు 3. బడిలో పిల్లలకు చెప్పే హుక్ సూత్రం ఇదే. ఈ రెండు బరువులనూ క్యాము తయారీదారు ఇచ్చిన అంకెలతో పోల్చండి. ఒకే లిఫ్టున్న రెండు క్యాములలో ఒకటి వాల్వును నిదానంగా దించవచ్చు, మరొకటి దబ్బున వదలవచ్చు. రెండోదానికి ఎక్కువ బలం కావాలి. ఆ అంకెలు చెప్పలేని దుకాణంలో క్యాము కొనవద్దనే నా సలహా.

లోపలా బయటా రెండు స్ప్రింగులు ఉంటే జతగా మార్చండి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు చుట్టి ఉంటాయి, చుట్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కోకుండా. రెండింటి సందూ వేర్వేరుగా చూడాలి.

వేగం సంగతీ చెప్పాలి. 4000 నుంచి 5000 చుట్లకు పోతే వేగం పెరిగేది పాతిక శాతమే, వాల్వు మీద పడే తోపు యాభై ఆరు శాతం పెరుగుతుంది. పాత 350 బుల్లెట్టులో పిస్టను 90 మిల్లీమీటర్ల దూరం నడుస్తుంది. పరుగులు తీయడానికి చేసిన ఇంజను కాదది. దానికి మెత్తని క్యాము, దానికి తగిన స్ప్రింగు చాలునని నేనంటాను.

అంతా బిగించేముందు పిస్టను తలమీద పిల్లలు ఆడుకునే మైనపు మట్టి కొంచెం అద్ది, హెడ్డు పెట్టి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పండి. విప్పి చూస్తే వాల్వు అచ్చు పడి ఉంటుంది. అచ్చు దగ్గర మట్టిని కోసి మందం కొలవండి. ఇన్‌లెట్ దగ్గర 2, ఎగ్జాస్టు దగ్గర రెండున్నర మిల్లీమీటర్లకు తక్కువైతే ఆ క్యాము తిరిగి ఇచ్చేయండి.