పందెము పోయెను, పేరు నిలిచెను

(వత్తల్‌మలైపై జరిగిన తల్లిదండ్రుల విహారసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కాఫీతోటల నడుమ, ఇంత చల్లనిగాలిలో మేము పందెపు మైదానములనుగూర్చి మాటలాడబోవుచున్నామనిన మీలో కొందఱికి నవ్వు రావచ్చును. కొండ యెక్కునప్పుడు ప్రతి మలుపునకును హడలిపోయిన మాకు మొదట ఆ నవ్వే వచ్చినది. దీనికి కారణము బస్సులో ఒక బాలుడు వేసిన ప్రశ్న. కోయంబత్తూరులోని వారి బంధువుల చిరునామాలో "రేస్‌కోర్సు" అని యున్నదట. "మఱి అచట గుఱ్ఱము లెక్కడ?" అని యడిగెను.

గుఱ్ఱములు లేవు. దొరల కాలమున అచట పందెములు జరిగెడివి. నిలిచిపోయి చాల కాలమైనది. ఇప్పుడది బంగళాలును, కార్యాలయములును గల పేట. రెండున్నర కిలోమీటర్ల నడకబాట దాని చుట్టును తిరిగివచ్చును. గుఱ్ఱములు పరువెత్తిన చోట నేడు వైద్యుని మాట విని పెద్దమనుషులు నడచుచున్నారు.

ఈ కొండ క్రింది ధర్మపురికి పూర్వము తగడూరని పేరు. ఇచట ఊరు నిలిచి పేరు మారెను. అచట పేరు నిలిచి వస్తువు పోయెను. హైదరాబాదులో 1868లో మౌలాలిలో మొదలైన పందెములు 1886లో మలక్‌పేటకు మారినవి. మౌలాలి యనిన నేడు గుట్టమీది దర్గా తలపునకు వచ్చును గాని గుఱ్ఱము రాదు.

వీనికంటె చోళవరము కథ మాకు ఎక్కువ యిష్టము. చెన్నపట్టణమునకు ఉత్తరముననున్న ఆ యూరి చెఱువు నగరమునకు త్రాగునీరిచ్చును. పూండి జలాశయమునుండి దానికి నీరు చేరును. 1996 మొదలు ఆ నీటిలో తెలుగుగంగ ద్వారా వచ్చిన మన కృష్ణమ్మ పాలును కలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానములు దిగుటకు అచట ఒక బాట వేసిరి. యుద్ధానంతరము మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు దానిపై కార్లకును మోటారుసైకిళ్లకును పందెములు నడపిరి. విమానములకై వేసినది గనుక బాట తిన్నగా సాగును. కారు బాణమువలె పోయి, కొసన ఒక్కసారిగా వేగము తగ్గించుకొని మలుపు తిరుగవలెను. చోదకుని నేర్పంతయు ఆ బ్రేకుమీది కాలిలోనే యుండెను! ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్సులో కథ తలక్రిందులు: 1907లో పందెములకే కట్టిన బాట 1939లో యుద్ధము రాగా మూతపడెను, ఆ స్థలము విమాన నిర్మాణము పాలయ్యెను.

1990లో శ్రీపెరుంబూదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బువారు స్వంత బాట తెఱచిరి. చోళవరము మూగవోయినది. అచట పేరుగాంచిన కోయంబత్తూరువాసి కరివర్ధన్ 1995లో విమానప్రమాదమున మరణించెను. 2003లో ఆ నగర సమీపమున చెట్టిపాళయములో తెఱచిన పందెపుబాటకు ఆయన పేరే పెట్టిరి. ఇప్పుడు చోళవరమనిన వృద్ధుడైన మోటారు ప్రియునకు ఇంజను మ్రోత వినవచ్చును. అచటి కాపురస్థునకు చెఱువు కట్ట కనబడును. చెన్నపట్టణపు గృహిణికి వేసవిలో పత్రికలో వచ్చు నీటిమట్టము జ్ఞప్తికి వచ్చును. పేరు ఒకటే. చెప్పువారు లేకున్న మొదటి అర్థము ఒక తరములో మాసిపోవును.

తల్లిదండ్రులారా, మన పిల్లల ఇంటిపేర్లలో పెక్కు ఊళ్ల పేర్లే. విజయనగర కాలముననో, నాయక రాజుల కాలముననో మన పెద్దలు విడిచివచ్చిన ఊళ్లవి. హాజరుపట్టీలో వానిని ప్రతిదినము పిలుచుచున్నాము. పిల్లలు "ఉన్నానండీ" అనుచున్నారు. ఆ ఊరెక్కడ, ఎవరు ఎందుకు విడిచిరి అని యడిగిన తరగతిలో ఇద్దఱు ముగ్గురు తప్ప నోరు విప్పరు. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు లేదు. మా యింటిపేరులోని ఊరినిగూర్చి మా తండ్రిగారిని అడుగవలసిన దినములలో మేము అడుగలేదు. ఇప్పుడు అడుగుదమన్న ఆయన లేరు.

కావున మా మనవి యొకటి. ఉగాదిలోపల మీ యింటిపేరు కథను ఒక పుటలో తెలుగున వ్రాసి పాఠశాలకు పంపుడు. తెలుగు వ్రాయరాని తల్లిదండ్రులు నోట చెప్పినచో పిల్లలే వ్రాసికొందురు. అక్షరదోషములు మేము దిద్దుకొందుము. అవ్వయో తాతయో ఇంట నున్నవారు మాత్రము ఉగాదివఱకు ఆగక, ఈ రాత్రియే అడుగుడు.