పబ్లిక్ పాలసీ చదువుతానన్న మా బిడ్డ: సీటు ఎట్లా ఎంచుకున్నాం

దోహా నుంచి మాట్లాడుతున్నా. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి, సైట్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నోడు మాస్టర్స్ డిగ్రీ గురించి చెప్పుడేందని నవ్వుకోకండి. మా పెద్దబిడ్డ డిగ్రీ అయిపోగానే "బాపూ, నేను పబ్లిక్ పాలసీ చదువుతా" అన్నది. ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: అదేం చదువు? దేనికి పనికొస్తది?

నాకు అర్థమైన తీరుగా చెప్తా. ఇక్కడ ఖతర్‌లో ఒకప్పుడు ఎండాకాలం పని బంద్ జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకే, అదీ పదకొండున్నర నుంచి మూడింటి వరకే ఉండేది. 2019లో మనలాంటి కూలీలకు ఎండ ఎంత తగులుతుందో కొలిచి స్టడీ చేశారు. 2021లో రూల్ మారింది. ఇప్పుడు జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట పని చేయించొద్దు. ఆ కొలిచే పని, రూల్ రాసే పని, అది సైట్‌లో నడుస్తుందా లేదా చూసే పని, ఇవన్నీ పాలసీ చదువే. పదో తరగతి పాస్ కానోళ్ల పాస్‌పోర్టు మీద పడే ఈసీఆర్ ముద్ర కూడా 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఎవరో కూర్చుని ఆలోచించిందే.

ముందు మా బిడ్డ మనసు లండన్ మీద ఉండె. అక్కడ ఒక్క ఏడాదిలో అయిపోతుందన్నది. నిజమే, బ్రిటన్‌లో చాలా కోర్సులు ఏడాదివే. కానీ ఫీజు, రూము, తిండి లెక్కేస్తే నా జీతంతో అయ్యేది కాదు. చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఉందని చెప్పింది. ఇద్దరం కలిసి రూల్స్ చదివాం. దానికి రెండేళ్ల అనుభవం, అంటే 2,800 గంటల పని చూపించాలి. చదువయ్యాక రెండేళ్లు మన దేశానికి తిరిగి రావాలి. డిగ్రీ నిన్న మొన్న అయిన పిల్లకు అది ఇప్పుడు రాదు. రెండేళ్లు పనిచేశాక ఆలోచిద్దామని పక్కన పెట్టినం.

మన దేశంలో అయితే బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో రెండేళ్ల కోర్సు ఉంది, ఎన్‌ఎల్‌శాట్ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లో టిస్ ఉంది, దానికి సీయూఈటీ పీజీ రాయాలి. ఐఐటీ బాంబేలోనూ ఉంది. డిగ్రీలో ఏ సబ్జెక్టు అయినా ఫర్వాలేదు గానీ, లోపలికి పోయినంక ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ తప్పవు. లెక్కలంటే భయపడే పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి.

అప్లికేషన్‌తో పాటు ఎందుకు చదవాలనుకుంటున్నావో రాసివ్వమని అడిగేచోట్లు ఉంటాయి. బిడ్డ మొదట రాసింది శుక్రవారం ఫోన్‌లో చదివి వినిపించింది. దేశ సేవ, సమాజ మార్పు, అన్నీ పెద్ద మాటలే. "ఇది ఎవరు రాసినా ఇట్లనే ఉంటది కదా బిడ్డా" అన్నా. అప్పుడు నన్నే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం బంద్ ఉంటే పని ఎన్నింటికి మొదలైతది? తెల్లారుజామున క్యాంపు నుంచి బస్సు ఎప్పుడు కదులుతది? నిద్ర ఎన్ని గంటలు? నీడ కోసం పెట్టిన రూల్ నిద్రను ఎట్లా తినేస్తుందో రాసింది. నాకు తెల్వకుండానే నా పని ఆమె వ్యాసం అయింది.

రెండు చోట్ల సీటొచ్చింది. ఒకదాని ఫీజు రెండోదానికి రెట్టింపు పైనే. బ్రోచర్ల నిండా అద్దాల బిల్డింగులు. వాటిని చూసి నేనైతే పడిపోను, అట్లాంటివి కట్టేది మనమే కదా. పోయిన రెండు బ్యాచ్‌ల పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారో పేర్లు వెతికి, నలుగురికి ఫోన్ చేయమన్నా. ఖరీదైన చోటు వాళ్లలో ఎక్కువ మంది కన్సల్టింగ్ కంపెనీల్లో ఉన్నారు. రెండోచోటు వాళ్లు జిల్లాల్లో, ప్రభుత్వ ప్రాజెక్టుల్లో తిరుగుతున్నారు, జీతం తక్కువ. మా బిడ్డ తిరిగే పనే కావాలన్నది. లోన్ కూడా అక్కడే తక్కువ పడ్డది. చదివే రెండేళ్లు ఈఎంఐ ఉండదు గానీ వడ్డీ మాత్రం పెరుగుతనే ఉంటది, ఆ లెక్క బ్యాంకులో కాయితం మీద రాయించుకున్నా. తనఖా లేకుండా ఇచ్చే పీఎం విద్యాలక్ష్మి లోన్ అన్ని కాలేజీలకూ రాదు. లిస్టులో మీ కాలేజీ పేరు ఉందో లేదో సీటు ఒప్పుకునే ముందే చూసుకోండి.

మొదటి సెమిస్టర్ ఫీజు కట్టినం. ఎండ బంద్ రోజుల్లో మీ క్యాంపులో ఎన్నింటికి లేస్తున్నారో వాయిస్ మెసేజ్ పెట్టండి, ఆమె వింటానన్నది. పేరు చెప్పనక్కర్లేదు.