రక్తం కాగితం చదవడం నేర్చుకున్నం
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)

నేను పదో తరగతి వరకే చదివిన. డాక్టరును కాదు. కానీ గొర్లు పెంచే ప్రతి సభ్యురాలికి అక్కరకొచ్చే ముచ్చట ఒకటి ఉంది. అది నా తప్పుతోనే మొదలైంది కాబట్టి ముందు ఆ తప్పు చెప్తున్న.

సంఘం అప్పుతో నేను 15 గొర్లు కొన్న. వానకాలం పోయి చలి పడంగనే రెండు గొర్లకు దవడ కింద సంచిలాగ వాపు వచ్చింది. పొద్దుగూకేసరికి ఉబ్బుతది, తెల్లారేసరికి కొంచెం తగ్గుతది. వాత పెట్టమని కొందరన్నరు. నేను మందుల షాపుకు పోయి నట్టల మందు తెచ్చి పోసిన. అంతటితో ఆగక, లీడరును కదా, ఇంకో ఇద్దరు సభ్యులకు గూడ అదే మందు పొయ్యమని చెప్పిన. నావి మూడు, వాళ్లవి నాలుగు, మొత్తం ఏడు గొర్లు సచ్చిపోయినయి. కిస్తీలు మాత్రం ఆగలె. ఆ ఇద్దరి మొహం చూడడానికి నాకు చాన రోజులు సిగ్గయింది.

అప్పుడు పశువుల దవాఖానకు పోయినం. డాక్టరమ్మ వచ్చి నాలుగు గొర్ల రక్తం, పేడ తీసి ల్యాబుకు పంపింది. కాగితం వచ్చినంక నేనే ముందు చూసిన. మొత్తం ప్రోటీన్ 6.1 అని ఉంది. గొర్రెకు సుమారు 6 నుంచి 8 వరకు ఉండొచ్చని పక్కనే రాసుంది. "అంత మంచిగనే ఉంది గదమ్మా" అన్న. ఆమె "కింది లైను చూడమ్మా" అంది. ఆల్బుమిన్ 1.6, గ్లోబులిన్ 4.5.

మన సంఘం పుస్తకం తోని పోల్చి చెప్తా. పొదుపు మొత్తం లెక్క సరిపోయిందని సంబరపడతం. కానీ పేరు పేరున చూస్తే ఒకామె రెండింతలు కట్టి ఉంటది, ఒకామె అసలే కట్టి ఉండదు. రక్తం కూడా అంతే. ఆల్బుమిన్, గ్లోబులిన్ కలిస్తేనే మొత్తం ప్రోటీన్. ఆల్బుమిన్‌ను కార్జం ఒక్కటే తయారుచేస్తది. రక్తంలోని నీళ్లను నరాల్లో పట్టి ఉంచేది అదే. అది తగ్గితే నీళ్లు బయటికి ఊరుతయి. గొర్రె పొద్దంతా తల వంచి మేస్తది కాబట్టి ఆ నీళ్లు దవడ కిందికి దిగుతయి. ఇక గ్లోబులిన్‌లో ఎక్కువ భాగం రోగంతో కొట్లాడేది. కొట్లాట నడుస్తుంటే పెరుగుతది. ఒకటి తగ్గి ఒకటి పెరిగితే మొత్తం మామూలుగానే కనబడి మనల్ని మోసం చేస్తది.

కార్జం పరీక్షలు ఇంకో రెండు ఉన్నయి. జీజీటీ అనేది పైత్యపు గొట్టాలు దెబ్బతింటే పెరుగుతది. మా గొర్లకు చాన ఎక్కువొచ్చింది. ఏఎస్‌టీ కార్జం దెబ్బతిన్నా పెరుగుతది, కండ దెబ్బతిన్నా పెరుగుతది. దూరం తోలిన జీవానికి గూడ పెరగొచ్చు. అందుకని అదొక్కటే చూసి చెప్పరాదు. మనుషులకు చూసే ఏఎల్‌టీ గొర్లకు, బర్లకు అంతగా పనికిరాదు, వాటి కార్జంలో అది తక్కువ.

పేడలో జలగ గుడ్లు కనబడినయి. ఆ వారమే సచ్చిన గొర్రెను కోసి చూస్తే కార్జం గొట్టాల్లో ఆకులాంటి జలగలు. ఇవి నీళ్ల నత్తల నుంచి బయటపడి గడ్డికి అంటుకుంటయి, మేతతో కడుపులకు పోతయి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి నీళ్లొచ్చి మన మూడు జిల్లాల్లో పొలాలు పండుతున్నయి, మంచిదే. కానీ తడి ఉన్నకాడ నత్తలు గూడ ఉంటయి. కాలువ గట్టు పచ్చగడ్డి చూసి నేనే అక్కడికి తోలిన.

నేను పోసిన మందు కడుపులో నట్టలకు, కార్జం జలగకు కాదు. రక్తం తాగే కడుపు నట్టలతో గూడ దవడ వాపు వస్తది. అప్పుడు సాధారణంగా రెండు ప్రోటీన్లూ తగ్గుతయి, కనురెప్ప లోపల తెల్లగ పాలిపోతది. వాపు ఒక్కటే, రోగాలు వేరు, మందులు వేరు. జలగకు వాడే మందుల్లో కొన్ని డోసు మించితే కండ్లు పోతయి. అందుకే తూకం చూసి డాక్టరు చెప్పినంతే పొయ్యాలె.

సరైన మందు పోసినం, తడి మేత మాన్పించినం. ఆరు వారాలకు మళ్ల రక్తం చూస్తే ఆల్బుమిన్ 2.6కు వచ్చింది. మిగిలిన గొర్లు దక్కినయి.

అక్కా, మీరు యాద పెట్టుకోవాల్సినవి ఇవే. వాపు కనబడితే షాపుకు గాదు, దవాఖానకు పోండి, లేకుంటే 1962కు ఫోన్ చెయ్యండి. ఒక్క గొర్రెది గాక నాలుగైదింటి పేడ, రక్తం తీయించండి. ఈ పరీక్షలకు ఎర్రమూత సీసాలో రక్తం పడతరు. దాన్ని ఊపొద్దు, ఎండలో పెట్టొద్దు, గడ్డ కట్టనియ్యాలె. ఏ గొర్రెదో సీసా మీద రాయించండి. కాగితం వచ్చినంక మొత్తం ఒక్కటే చూడొద్దు, ఆల్బుమిన్ ఎంత అని అడగండి.

నష్టపోయిన ఆ ఇద్దరికి సంఘం వాయిదా గడువు పెంచింది. వాళ్లిద్దరు ఇయ్యాల ముందు వరుసలోనే కూర్చున్నరు. తెలియనిది తెలిసినట్టు చెప్పినందుకు అందరి ముందు మళ్లొకసారి వాళ్లను మన్నించమని అడుగుతున్న. లీడరు అన్నీ తెలిసిన మనిషి గాదు, తెలియనప్పుడు అడిగే మనిషి కావాలె.