రెప్ప మీద కత్తి పెట్టించుకునే ముందు

(మహిళా సంఘాల కార్యకర్తల ఆరోగ్య శిక్షణా తరగతుల్లో ఒక కంటి డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే కాన్పులు, రక్తహీనత, అవసరం లేకుండా తీసేస్తున్న గర్భసంచుల గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. అందం కోసం కంటి రెప్పలకు చేసే ఆపరేషన్ గురించి మాట్లాడతానంటే, అదంతా డబ్బున్న వాళ్ళ గొడవ కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇప్పుడు అలా లేదు. నెలవారీ వాయిదాల మీద ఆపరేషన్ చేస్తామని క్లినిక్కులు ప్రకటనలిస్తున్నాయి. పెళ్ళి సంబంధాలు చూస్తున్న అమ్మాయిలు, షాపుల్లో, రిసెప్షన్లలో పనిచేసే ఆడవాళ్ళు, నలభై దాటాక "మొహం వాడిపోయింది" అనిపించుకున్న వాళ్ళు నా దగ్గరికి వస్తున్నారు. అందంగా కనిపించాలనుకోవడం తప్పని నేననను. ఆపరేషన్ వద్దని చెప్పడానికీ రాలేదు. ఏం చేయించుకుంటున్నామో పూర్తిగా తెలుసుకుని నిర్ణయించుకోవడం మన హక్కు. దాని గురించే నాలుగు మాటలు చెప్తాను.

ముందు ఆపరేషన్ అంటే ఏమిటో చూద్దాం. వయసుతో పాటు పై రెప్ప చర్మం సాగి కిందికి జారుతుంది. కింది రెప్ప వెనక ఉన్న కొవ్వు ముందుకొచ్చి సంచుల్లా కనిపిస్తుంది. పై రెప్పకు సహజంగా ఉండే మడత దగ్గరే కోసి, ఎక్కువైన చర్మాన్నీ, అవసరమైతే కొంచెం కొవ్వునూ తీసి కుట్లు వేస్తారు. కింది రెప్పకైతే వెంట్రుకల కిందుగా గానీ, రెప్ప లోపలి వైపు నుంచి గానీ కోస్తారు. ఎక్కువ మందికి రెప్ప వరకే మత్తు ఇచ్చి చేస్తారు. కుట్లు సుమారు వారానికి తీస్తారు. వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి రెండు వారాలు పట్టొచ్చు. అసలు రూపం తేలడానికి కొన్ని నెలలు పడుతుంది. "శుక్రవారం చేయించుకుని సోమవారం డ్యూటీకి పోవచ్చు" అనే మాట నమ్మకండి.

మన దగ్గర చాలామంది అడిగేది కళ్ళ కింద నలుపు గురించి. కొవ్వు సంచి నీడ వల్ల కనిపించే నలుపయితే ఈ ఆపరేషన్ తో కొంత తగ్గుతుంది. చర్మంలోనే రంగు ఉంటే పోదు. ఆ రంగు కొందరికి వంశపారంపర్యంగా వస్తుంది, కొందరికి ఎలర్జీతో కళ్ళు నులుముకోవడం వల్ల వస్తుంది. కంటి పక్క ముడతలు కూడా దీనితో పోవు. ఈ మాట ముందు చెప్పకుండా డబ్బు కట్టించుకునే వాళ్ళున్నారు.

మరో ముఖ్యమైన సంగతి. చర్మం సాగడం వేరు, రెప్పే వాలిపోవడం వేరు. రెప్పను పైకి లేపే కండరం బలహీనమైతే రెప్ప అంచు కిందికి దిగి కనుపాపను కప్పేస్తుంది. పైన చర్మం ఎంత కోసినా అది లేవదు. కండరానికే ఆపరేషన్ చేయాలి. ఉదయం బాగుండి సాయంత్రానికి వాలే రెప్పకు నరాలకూ కండరాలకూ సంబంధించిన జబ్బు కారణం కావచ్చు. ఉన్నట్టుండి ఒక రెప్ప వాలి, తలనొప్పి గానీ, ఒకటి రెండుగా కనిపించడం గానీ ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. అది ప్రాణానికే ప్రమాదం కావచ్చు.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే రెప్ప వాలి ఉంటుంది. చూపు ఎదిగేది మొదటి ఏడెనిమిదేళ్ళలోనే. ఆ వయసులో రెప్ప కనుపాపను కప్పితే ఆ కన్ను చూడటం నేర్చుకోదు. దాన్ని లేజీ ఐ అంటారు. పెళ్ళి చూపులకు ముందు ఒక తల్లి తన కూతుర్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. తమ్ముడికి మెల్లకన్ను ఉంటే నాలుగో ఏటే ఆపరేషన్ చేయించారట. ఆడపిల్ల రెప్ప మాత్రం సంబంధాలు చూడటం మొదలుపెట్టాకే గుర్తొచ్చింది. రెప్ప లేపగలిగాం. చూపు మాత్రం ఆ వయసులో ఎవరూ తేలేరు. ఆ పిల్ల నన్ను అడిగింది: "చిన్నప్పుడే తెస్తే కనిపించేదా డాక్టరు గారూ?" అని. కనిపించేది అనే చెప్పాను.

ఇక ప్రమాదాలు. కళ్ళు పొడారడం మామూలుగా చూసేదే. చర్మం ఎక్కువ తీసేస్తే కన్ను పూర్తిగా మూతపడదు. నిద్రలో కూడా తెరుచుకునే ఉండి నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. కింది రెప్ప బయటికి తిరగబడొచ్చు. రెండు కళ్ళూ ఒకేలా రాకపోవచ్చు. చాలా అరుదుగా కంటి వెనక రక్తస్రావమై చూపు పోతుంది. ఇది ఎక్కువగా మొదటి రోజులోనే జరుగుతుంది. విపరీతమైన నొప్పి, కన్ను బిగిసి ముందుకు పొడుచుకు రావడం, చూపు మసకబారడం దీని గుర్తులు. ఆలస్యమైతే కొన్ని గంటల్లోనే చూపు శాశ్వతంగా పోవచ్చు. అందుకే, "రాత్రి ఇలా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు వచ్చి చూస్తారు?" అని ముందే అడగండి. జవాబు సరిగా చెప్పని చోట చేయించుకోవద్దు.

మీ సంగతులూ డాక్టరుకు దాచకండి. బి.పి., షుగరు, థైరాయిడ్, కళ్ళు పొడారే జబ్బు, ఈ మధ్య చేయించుకున్న లేసిక్ అన్నీ చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పాలి. చేప నూనె గుళికలు, విటమిన్ ఇ, నాటు మందులు కూడా చెప్పాలి. గుండె డాక్టరును అడగకుండా ఆ మందులు మీ అంతట మీరు ఆపొద్దు.

అడగవలసిన ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి. ఆపరేషన్ చేసేది ఎవరు? ఏం చదివారు? మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఆపరేషన్ కాకుండా వేరే మార్గం ఉందా? సరిగా రాకపోతే మళ్ళీ చేయడానికి డబ్బెవరిది? చేసేది ఎవరో అడగడం అవమానించడమేం కాదు. దక్షిణ కొరియాలో పేరు ఒక డాక్టరుది, కోసేది ఇంకొకరు అన్న ఉదంతాలు బయటపడి, రోగులు చనిపోయి, చివరికి ఆపరేషన్ గదుల్లో కెమెరాలు పెట్టాలనే చట్టం 2023లో అమల్లోకి వచ్చింది.

మన చట్టం ఏం చెబుతోంది? సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తొలగించిన కేసది. ప్రాణాపాయం లేనప్పుడు మేజరయిన స్త్రీ శరీరం మీద ఆమె అంగీకారమే చెల్లుతుందని, ఆ అంగీకారం విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని కోర్టు చెప్పింది. భర్త సంతకం, అత్తగారి ఇష్టం దీనికి సరిపోవు. తెలుగులో చెప్పించుకోకుండా ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టకండి. మత్తు సూది ముందు ఐదు నిమిషాల్లో తీసుకునే సంతకానికి ఒప్పుకోకండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. మీరు గుర్తుపట్టేలా ఉన్న ఫోటోను మీ అనుమతి లేకుండా ప్రచురించకూడదు.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే కోర్టు ఫీజు లేదు. అయితే ఫలితం నచ్చకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. నిర్లక్ష్యాన్ని నిరూపించాలి. అందుకే బిల్లులు, ముందూ వెనకా తీసిన ఫోటోలు భద్రంగా పెట్టుకోండి. అందం కోసం చేసే ఆపరేషన్ మీద జి.ఎస్.టి. కూడా పడుతుంది. బీమా సాధారణంగా రాదు. పుట్టుకతో వచ్చిన లోపాన్ని, దెబ్బ వల్ల వచ్చిన లోపాన్ని సరిచేసే వైద్యానికి ఆ పన్ను లేదు.

కార్యకర్తలుగా మీరు చేయగలిగిన పని ఒకటుంది. అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు పిల్లల రెప్పలు చూడండి. ఒక రెప్ప వాలి ఉన్నా, తల వెనక్కి వంచి చూస్తున్నా ఆ పిల్లను వెంటనే కంటి ఆసుపత్రికి పంపండి. హైదరాబాదులో సరోజినీ దేవి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ సంస్థ, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. పెళ్ళి కోసం ఇరవై ఏళ్ళకు పెట్టే ఖర్చులో కొంత, చూపు కోసం నాలుగో ఏట పెట్టమని ఆ తల్లిదండ్రులకు చెప్పండి.