ఆపరేషన్ లేకుండానే కండరం చెప్పే సంగతి: మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా

ఈ రోజు మాట్లాడుకునేది కాస్త నోరు తిరగని పేరు: మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా. మాలిగ్నెంట్ అనగానే క్యాన్సర్ అని కంగారు పడకండి, దీనికీ దానికీ సంబంధం లేదు. ఆపరేషన్‌కి ఇచ్చే కొన్ని మత్తు మందులు పడక, కండరాలు బిగుసుకుపోయి, ఒళ్ళు కాగిపోయి, ప్రాణం మీదికి వచ్చే స్థితి ఇది. పుట్టుకతో వచ్చే గుణం. మత్తు డాక్టర్లందరికీ తెలిసిందే. కానీ ఈ గుణం ఉన్నవాళ్ళలో కొందరికి మత్తు మందు జోలికి పోకుండానే, మామూలు రోజుల్లోనే కండరాల బాధలు వస్తాయి. నేను చెప్పాలనుకుంటున్నది దాని గురించి.

ముందు చిన్న కథ. 1960 నాటిది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 21 ఏళ్ళ కుర్రాడికి ప్రమాదంలో కాలు విరిగింది. అతనికి విరిగిన కాలు కంటే మత్తంటేనే ఎక్కువ భయం. ఎందుకంటే వాళ్ళ బంధువుల్లో పదిమంది ఈథర్ మత్తు ఇచ్చాక చనిపోయారు. సరే అని డాక్టర్లు ఈథర్ మానేసి, అప్పటికి కొత్తదైన హాలోథేన్ ఇచ్చారు. అదీ పడలేదు. ఎలాగో బతికాడు. డెన్‌బరో, లవెల్ అనే డాక్టర్లు ఈ సంగతి లాన్సెట్ పత్రికలో రాశారు. అక్కడి నుంచే ఈ జబ్బు వెలుగులోకి వచ్చింది. చూశారా, ఏ పరీక్షా చెప్పని విషయం ఆ అబ్బాయి నోటి మాటే చెప్పింది.

అసలు లోపల ఏం జరుగుతుంది? మన కండరంలో కాల్షియం నిలవ ఉండే అరలు ఉంటాయి, చెరువులాగా. దానికో తూము. తూము తెరిస్తే కాల్షియం బయటికొచ్చి కండరం బిగుస్తుంది, ఆ కాల్షియం తిరిగి లోపలికి వెళితే సడలుతుంది. ఈ తూముని తయారు చేసే జన్యువు పేరు ఆర్.వై.ఆర్.1. అందులో తేడా ఉంటే తూము గట్టిగా మూసుకోదు. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ లాంటి పీల్చే మత్తు మందులు గానీ, సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షన్ గానీ పడితే ఒక్కసారిగా తెరుచుకుపోతుంది. కండరం ఆగకుండా పనిచేస్తూ వేడి పుట్టిస్తుంది. ఇది మెదడు పెంచే జ్వరం కాదు, అందుకే పారాసిటమాల్‌తో దిగదు.

మరి తూము లీకవుతుంటే మత్తు మందు దాకా ఆగుతుందా? కొందరిలో ఆగదు. ఎండలో పరుగు, విడవకుండా చేసిన బరువు పని, వైరల్ జ్వరంలో పడిన శ్రమ, ఒక్కోసారి మద్యం. వీటి తరవాత పిక్కలు, తొడలు పట్టేస్తాయి, రెండు మూడు రోజులు మెట్లెక్కలేరు. తోటివాళ్ళు అదే పరుగు పెట్టి మర్నాడు మామూలుగా తిరుగుతుంటే, ఇతన్ని "ఒళ్ళు వంచడం లేదు" అంటారు. మన దగ్గర పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం ఎండలో పరుగులు పెట్టే పిల్లలు ఎంతమందో! వాళ్ళలో ఎవరికైనా శ్రమ తరవాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, నీళ్ళు తక్కువ తాగాడులే అని వదిలెయ్యకండి. కండరం చితికి, దాని రంగు పదార్థం కిడ్నీలోకి దిగుతోందన్న మాట. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

సి.పి.కె. అని ఒక రక్త పరీక్ష ఉంది. మామూలుగా వందల్లో ఉండేది అప్పుడు వేలల్లో, ఒక్కోసారి లక్ష దాటుతుంది. చిక్కేమిటంటే, బాధ తగ్గాక చేయిస్తే చాలామందిలో నార్మల్‌గా వస్తుంది. "అంతా బాగానే ఉంది" అని పంపించేస్తారు. ఆ నార్మల్ కాగితం పట్టుకుని పేషెంట్ ఏళ్ళ తరబడి తిరుగుతాడు.

అయితే పిక్క పట్టిన ప్రతివాళ్ళకీ ఇది ఉందని కాదండోయ్! వందమందిలో తొంభైతొమ్మిదిమంది పిక్కలకి వేరే కారణాలే ఉంటాయి. పదే పదే వస్తున్నా, మూత్రం రంగు మారినా, కారణం తెలియకుండా సి.పి.కె. ఎక్కువగా ఉన్నా, ఇంట్లో ఎవరైనా మత్తు ఇచ్చాక పోయినా, అప్పుడు నరాల డాక్టరుగారితో ఈ మాట ఎత్తండి. "మా పెద్దనాన్న చిన్న ఆపరేషన్‌కి వెళ్ళి తిరిగి రాలేదు" అని చాలా ఇళ్ళల్లో చెప్పుకుంటారు, కానీ మత్తు డాక్టరు అడిగినప్పుడు ఎవరికీ గుర్తు రాదు. మేనరికం లేకపోయినా ఇది వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ సగం అవకాశం.

రక్తంతో జన్యు పరీక్ష చేస్తారు. ఈ జబ్బుకి కారణమని రుజువైన తేడా దొరికితే తేలినట్టే. దొరకనంత మాత్రాన లేదని కాదు. తొడ కండరం ముక్క తీసి కెఫీన్, హాలోథేన్‌లతో చూసే పరీక్ష ఉంది గానీ, అది ప్రపంచంలో కొద్ది చోట్లే చేస్తారు.

"నాకు ఇదివరకు ఆపరేషన్ అయింది, ఏమీ కాలేదు కదా" అంటారు. అది భరోసా కాదు. రెండు మూడు సార్లు మత్తు బాగా పడి, ఆ తరవాత తిరగబడినవాళ్ళు ఉన్నారు. ఆపరేషనే వద్దనుకోనక్కర్లేదు. వెన్నుకి ఇచ్చే మత్తు, ప్రొపొఫాల్, కెటమిన్ వీళ్ళకి సురక్షితమే. ముందే తెలిస్తే మెషీన్ నుంచి పాత మందు ఆవిరి పోయేలా శుభ్రం చేసి, డాంట్రోలిన్ అనే విరుగుడు దగ్గర పెట్టుకుంటారు. అది అన్ని ఆస్పత్రుల్లోనూ ఉండదు, అందుకని ముందే అడగండి.

ఇంకొక్క మాట, పన్ను తీయించుకునేటప్పుడు ఇచ్చే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్‌తో ఈ భయం లేదు. ధైర్యంగా వెళ్ళొచ్చు.