బేరింగులు మార్చుటకు ముందు

పంచాయతీ సభ్యులారా,

మంచినీటి పథకములలోని పాత ఇంజనులకు మనము మాటిమాటికి బేరింగులు మార్పించుచున్నాము. అవి ఏల పోవుచున్నవో విచారింపము. పెక్కుసార్లు దోషము బేరింగుది కాదు, ఇంజను షాఫ్టును పంపు షాఫ్టును ఒకే వరుసలో లేకపోవుటయే. పునాది కుంగినను, బోల్టు వదులైనను వరుస తప్పును. ఇనుపబద్ద ఆనించి చూచిన స్వల్పభేదము కంటికానదు. లేజరు పరికరమును రెండు షాఫ్టులకును బిగించి మెల్లగా త్రిప్పినచో మిల్లీమీటరులో నూరవవంతు తేడాయు అంకెలలో తెలియును. పిమ్మట కాళ్ళ క్రింద పలుచని రేకులుంచి సరిచేయుదురు.

ఇందొక చిక్కు కలదు. మీటరు ఉక్కు 50 డిగ్రీలు వేడెక్కిన సుమారు 0.6 మిల్లీమీటరు సాగును. కనుక చల్లని ఇంజనును సరిచేయునపుడే ఆ పెరుగుదలను లెక్కలోనికి తీసికొనవలెను. శీతల గిడ్డంగుల కంప్రెసరులకును ఇదియే పద్ధతి. మరమ్మతు బిల్లుతోపాటు, సరిచేయక పూర్వపు కొలతలను, పిదపటి కొలతలను చూపుమని మనము అడుగవలెను.